మంచం ఉచితం – మాత్ర మన ఖర్చు

మా తాతయ్య కుడికాలికి ఇప్పుడు మూడే వేళ్లు. ఆపరేషను చేసి రెండు వేళ్లు తీసేశారు. ఆ ఆపరేషనుకు మా ఇంట్లోంచి పైసా ఖర్చు కాలేదు. కార్డు చూపించాం, ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కాగితాలు రాసుకున్నాడు, డాక్టర్లు పని పూర్తిచేశారు. భోజనం కూడా ఆస్పత్రి వాళ్లే పెట్టారు. ఒక సన్నకారు రైతు కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. మా ముత్తాత కాలంలో అయితే ఇలాంటి జబ్బుకు అరెకరం అమ్మేవాళ్లట.

అయినా ఈ వ్యాసం ఆ పథకాన్ని పొగడటానికి రాయటం లేదు, తిట్టటానికీ రాయటం లేదు. ఆ రెండు వేళ్లు పోకుండా ఆపగలిగిన మాత్రల సంగతి ఎవరూ ఎందుకు మాట్లాడరని అడగటానికి రాస్తున్నాను.

మాది దివిసీమ పక్కన చిన్న పల్లె. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. సార్వాలో వరి, తరవాత మినుము. పోయిన డిసెంబరులో కోత కోసిన చేలో నడుస్తుంటే తాతయ్య కాలికి వరి మోడు గుచ్చుకుంది. షుగరు ముదిరిన కాలికి స్పర్శ తగ్గిపోతుంది కదా, ఆయనకు నొప్పి తెలియలేదు. తెలిసేటప్పటికి పుండు పడింది. సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్లేసరికి వేలు నల్లబడి ఉంది.

ఆస్పత్రికి బయల్దేరే హడావిడిలో పాత చీటీల కోసం ఆయన రేకుపెట్టె తెరిచాను. అందులో ఒక మాత్రల అట్ట, మందుల షాపు బిల్లు, కాగితంలో పొట్లం కట్టిన సగం సగం మాత్రలు కనపడ్డాయి. బిల్లు తేదీ అక్టోబరు 28. కొన్నవి 30 మాత్రలు. డాక్టరు రాసింది రోజుకు రెండు. అంటే పదిహేను రోజులకే అయిపోవాలి. నేను చూసింది జనవరి 12న. అప్పటికీ నాలుగు మాత్రలు మిగిలే ఉన్నాయి! సైన్సు విద్యార్థిని గదా, లెక్క వేశాను. 76 రోజుల్లో వేసుకోవలసినవి 152 మాత్రలు. వేసుకున్నవి 26.

"ఇదేంటి తాతయ్యా?" అన్నాను.

"మీ నాయనమ్మవి ఆపితే బి.పి. పెరిగి పడిపోద్దిరా. నాకేం, తిరుగుతూనే ఉన్నాగా. సగం ఏసుకున్నా పనిచేస్తదిలే" అన్నాడు.

ఆయనకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను అంతే. ఇద్దరి మందులకూ మా ఊరి దగ్గర షాపులో నెలకు 2,650 అయ్యేది. మిగిలిన దాంట్లోంచి నెలకు వెయ్యి రూపాయలు నాన్న చేతికిచ్చి, "పిల్లాడి మెస్సు బిల్లులో కలుపు" అనేవాడట. ఈ సంగతి నాకు ఆపరేషను అయ్యాక తెలిసింది. మెస్సులో పప్పు నీళ్లలా ఉందని మేమంతా ధర్నా చేసిన రోజులవి. ఆ పప్పులో మా తాతయ్య సగం మాత్ర కూడా ఉందని అప్పుడు నాకు తెలియదు.

మిత్రులారా! ఇది మా ఒక్క ఇంటి కథ అయితే సావెనీరులో మీ సమయం తీసుకోను. మీలో చాలామందివి మా ఇంటివంటి ఇళ్లే. అందుకే ఈ ఏర్పాట్లన్నీ ఏమిటో, అవి ఎక్కడ ఆగిపోతున్నాయో కాస్త చదివి తెలుసుకున్నాను. తెలిసినంతవరకు చెబుతాను.

మొదట కార్డుల సంగతి. ఫ్యాక్టరీ కార్మికుడికి వైద్య బీమా ఇచ్చిన ఇ.ఎస్.ఐ. చట్టం 1948లోనే వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1954లో ప్రత్యేక వైద్య పథకం వచ్చింది. మరి రైతుకు, రైతు కూలీకి? మన ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యేదాకా ఏమీ లేదనే చెప్పాలి. అన్నం పెట్టేవాడి వంతు వచ్చేసరికి స్వాతంత్ర్యానికి అరవై ఏళ్లు నిండవచ్చాయి. తరవాత అది రాష్ట్రమంతా వ్యాపించింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నాం, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు. 2023 డిసెంబరులో ఇక్కడ పరిమితిని 25 లక్షలకు, అక్కడ 10 లక్షలకు పెంచారు.

కేంద్రం 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ పథకం మొదలుపెట్టింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతివారికీ, ఉన్నవాళ్లా లేనివాళ్లా అని చూడకుండా, ఈ పథకం కింద 'వయ వందన' కార్డు ఇస్తున్నారు. కుటుంబం ఇప్పటికే ఆయుష్మాన్ పథకంలో ఉంటే, ఆ ఇంట్లోని 70 దాటిన వారికి విడిగా మరో 5 లక్షల రక్షణ. పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేదు, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మా కాలేజీలో నేనడిగిన పదిమందిలో తొమ్మిదిమందికి ఈ కార్డు ఉందనే తెలియదు. వాళ్ల ఇళ్లలో 70 దాటినవాళ్లు ఉన్నారు!

అయితే ఈ పథకాలన్నిటికీ వెన్నెముక ఒకటే – ఆస్పత్రిలో చేరటం. మంచం ఎక్కితే కార్డు పలుకుతుంది. ఆయుష్మాన్ కింద చేరటానికి ముందు మూడు రోజులు, ఇంటికి వచ్చాక పదిహేను రోజుల మందులు కూడా ఇస్తారు. పదహారో రోజున? మళ్లీ మందుల షాపే. షుగరు పదిహేను రోజుల జబ్బు కాదు గదా. బి.పి. డిశ్చార్జి కాగితంతో పోయేది కాదు గదా. ముసలితనంలో వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం మంచం మీద కాదు, పొద్దున్నే ఒక గ్లాసు మంచినీళ్లతో అదుపులో ఉంటాయి. సరిగ్గా అక్కడే మన కార్డు మూగబోతోంది. కొన్ని వందల రూపాయల మాత్ర ఇవ్వని కార్డు వేల రూపాయల ఆపరేషనుకు ఒప్పుకుంటుంది. ఇది ధర్మం సంగతి తరవాత, లెక్కకైనా నిలుస్తుందా? కాలవ గట్టుకు గండి పడుతుంటే ఒక తట్ట మట్టి వెయ్యకుండా, ఊరు మునిగాక పడవలు పంపటం లాంటిది.

రెండో సంగతి వయసు. మా తాతయ్యకు ఆధార్ ప్రకారం 76, కాబట్టి కార్డు వచ్చింది. నాయనమ్మకు రాలేదు. ఆమె కార్డులో పుట్టిన తేదీ 1961 జనవరి 1. పల్లెల్లో పెద్దవాళ్ల పుట్టినరోజులు చాలా వరకు జనవరి ఒకటినే ఎందుకుంటాయో మీకు తెలిసే ఉంటుంది. ఎవరో అంచనాకు రాసుకున్నది. మా నాయనమ్మ తన వయసు సంవత్సరాల్లో చెప్పదు. "ఉప్పెననాటికి మీ మేనత్త చంకలో పిల్ల, రెండోది కడుపులో" అంటుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. కార్డును నమ్మితే, అప్పటికి ఆమెకు పదహారేళ్లు. ఆమెకు పెళ్లయింది పద్దెనిమిదో ఏట అని ఊళ్లో పెద్దవాళ్లంతా చెబుతారు. అంటే కార్డు అయిదారేళ్లు తప్పు. ఆ తప్పు ఖరీదు ఆమెకు అయిదారేళ్ల రక్షణ. సర్టిఫికెట్టు తెమ్మంటారు. బడికే పోని మనిషి ఏ బడి సర్టిఫికెట్టు తెస్తుంది? ఉప్పెనకు ఇల్లే కొట్టుకుపోతే కాగితాలు మిగులుతాయా?

పోనీ ప్రైవేటు బీమా ఉందిగా అంటారు కొందరు మిత్రులు. నిజమే, 2024 ఏప్రిల్ నుంచి ఇంత వయసు దాటితే పాలసీ ఇవ్వం అనే హద్దు తీసేశారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్లకు మించి ఆగమనకూడదన్నారు. 2025 జనవరిలో, ముసలివాళ్ల ప్రీమియం ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జి.ఎస్.టి. తీసేశారు. ఇవన్నీ మంచి మార్పులే. కాని షుగరూ బి.పి. ఉన్న డెబ్భై ఏళ్ల దంపతులకు కంపెనీ అడిగే ప్రీమియం మా మినుము పంట మీద మిగిలే డబ్బుకు అందదు. ఏటా కట్టాలి, ఒక ఏడు వాన ముంచినా కట్టాలి. అంతా కట్టినా మామూలు పాలసీ కూడా మంచాన్నే చూస్తుంది, రోజువారీ మాత్రను చూడదు. ఉద్యోగస్తులకు అది సరిపోతుందేమో. వాన మీద బతికేవాడికి కాదు.

ఇక మూడోది, నేను చదివే రసాయన శాస్త్రానికి దగ్గరిది – మాత్ర ధర.

మెట్‌ఫార్మిన్ అనే అణువుకు కులం లేదు, కంపెనీ లేదు. ఏ ఫ్యాక్టరీలో చేసినా దాని నిర్మాణం ఒకటే. అయినా ఒకే మందు ఒక అట్ట మీద ఒక ధర, ఇంకో అట్ట మీద నాలుగింతలు ఉంటుంది. తేడా అణువులో లేదు, అట్ట మీది పేరులో ఉంది. పైగా ఇవి చాలావరకు మన దగ్గరే తయారవుతాయి. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులో కర్మాగారం పెట్టింది. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఇవ్వటంతో మన కెమిస్టులు కొత్త పద్ధతులు కనిపెట్టి చవకగా మందులు చేశారు. ఆ పునాది మీదే హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగింది, విశాఖ దగ్గర పరవాడలో ఫార్మాసిటీ వచ్చింది. మన సీనియర్లు ఎందరో అక్కడ షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో పుట్టారని మనం గర్వంగా చెప్పుకుంటాం. భీమవరానికి ఎంతో దూరం లేని మా ఊళ్లో మాత్రం ముసలాయన మాత్ర విరుచుకుని మింగుతున్నాడు!

ధరల నియంత్రణ లేదా అంటే, ఉంది. 2022 నాటి అత్యవసర మందుల జాబితాలో 384 మందులున్నాయి. జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. ఎలా కడుతుందో చూడండి. 1995 నాటి ఉత్తర్వులో తయారీ ఖర్చును బట్టి లెక్క కట్టేవారు. 2013 ఉత్తర్వు వచ్చాక, మార్కెట్లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి దుకాణదారు లాభం 16 శాతం కలుపుతున్నారు. అంటే ముందే ఎక్కువ పెట్టి అమ్మినవాడి ధర కూడా ఆ సగటులో కూర్చుంటుంది. మా వడ్లకు మద్దతు ధర కట్టేటప్పుడు ఎరువు ఎంత, కూలి ఎంత అని పైసాతో సహా గీసి గీసి లెక్కలు తీస్తారు. మందుకేమో మార్కెట్ సగటు చాలంటారు. రైతు బిడ్డగా ఈ రెండు తూకాలు నాకు అర్థం కావు. జాబితాలో ఉన్న మందుల ధర టోకు ధరల సూచీని బట్టి ఏటా మారుతుంది. 2023 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 12 శాతానికి పైగా పెంచుకోనిచ్చారు. జాబితాలో లేనివాటిని ఏడాదికి పది శాతం వరకు పెంచుకోవచ్చు.

మరి దారి లేదా? ఉంది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలు ఇప్పుడు దేశమంతటా 15 వేలకు పైగా ఉన్నాయి. బ్రాండు మందులకంటే 50 నుంచి 90 శాతం తక్కువకు అమ్ముతారు. ఆపరేషను తరవాత నేను చీటీ పట్టుకుని ముందు ప్రభుత్వ డాక్టరుగారిని కలిశాను. ఆయన బ్రాండు పేర్లకు ఎదురుగా అసలు మందు పేరు, మోతాదు ఓపికగా రాసిచ్చారు. మాకు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌనులో జన ఔషధి దుకాణానికి వెళ్లాను. నెలకు 2,650 అయ్యేవి 610 రూపాయలకు వచ్చాయి. నేను రెండుసార్లు లెక్క చూసుకున్నాను. ఇంటికొచ్చి తాతయ్యకిస్తే ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి, "ఇంత చవకంటే ఇందులో సరుకుంటదా?" అన్నాడు.

ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారెయ్యకూడదు. నకిలీ పురుగుమందు కొని పంట పోగొట్టుకున్నవాడికి అనుమానం సహజం. చవక మందులో నాసిరకం ఉండవచ్చు. ఖరీదు మందులోనూ ఉండవచ్చు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా నాణ్యత తప్పిన మందుల జాబితా ప్రకటిస్తూనే ఉంది. కాబట్టి జవాబు ఖరీదు పెట్టి కొనటం కాదు, అన్నిటినీ గట్టిగా పరీక్షించటం. మూడు నెలలు వాడాక తాతయ్య రక్తపరీక్ష చేయించాం. షుగరు అదుపులో ఉంది. నాకు ఏ బ్రాండూ అంతకంటే పెద్ద సాక్ష్యం చూపించలేదు.

ప్రభుత్వాస్పత్రిలో మందులు ఉచితమే గదా, ఈ గొడవంతా ఎందుకు అనే వాదన కూడా ఉంది. నిజమే. షుగరు, బి.పి. మందులు అక్కడ ఊరికే ఇస్తారు, మొదట అక్కడికే వెళ్లాలి కూడా. కాని ప్రైవేటు డాక్టరు రెండు మూడు మందులు కలిపిన ఒకే మాత్ర రాస్తే, ఆ చీటీ పట్టుకుని ప్రభుత్వాస్పత్రికి వెళ్లిన ముసలాయనకు "ఇది మా దగ్గర లేదు" అనే జవాబే దొరుకుతుంది. అవే మందులు విడివిడిగా అక్కడే ఉన్నాయని చెప్పేవాడు ఉండడు. ఒకసారి వెళ్తే పది పదిహేను రోజుల మందే ఇస్తే, ఆటో ఖర్చు, పోయిన కూలి కలిపి ఉచిత మందు కూడా ఖరీదవుతుంది. డాక్టర్లు మందుల అసలు పేర్లు స్పష్టంగా రాయాలని 2016లోనే వైద్య మండలి నిబంధన పెట్టింది. 2023 ఆగస్టులో దాన్ని గట్టి చేయబోయి, మూడు వారాలకే కొత్త నిబంధనలను పక్కన పెట్టారు.

దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013–14లో 64 శాతం ఉంటే, 2021–22 నాటికి 39 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గటం సంతోషమే. ఆ మిగిలిన దాంట్లో మందుల షాపు వాటా ఎంతో, ముసలివాళ్లున్న ఏ ఇంటినడిగినా చెబుతుంది.

నేను కోరేవి పెద్ద కోర్కెలు కావు. కార్డు మంచానికి ఇచ్చే గౌరవంలో కొంత మాత్రకూ ఇవ్వాలి. 60 దాటినవారికి షుగరు, బి.పి., గుండె మందులు ఒకేసారి నెల రోజులకు సరిపడా ఊళ్లోనే అందాలి. చీటీ మీద మందు అసలు పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. వయసు నిరూపణకు కాగితం లేనివాళ్లకు ఊరి పెద్దల సాక్ష్యంతో, డాక్టరు అంచనాతో సరిచేసే సులువు దారి ఉండాలి.

ప్రభుత్వం ఇవన్నీ చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? మన ఎన్.ఎస్.ఎస్. క్యాంపుల్లో రోడ్లు ఊడుస్తాం, మొక్కలు నాటుతాం. మంచిదే. ఈసారి క్యాంపులో ఇంటింటికీ వెళ్లి ఒక్క పని చేద్దాం. ఇంట్లో 70 దాటినవాళ్లకు కార్డు ఉందో లేదో చూద్దాం. లేకపోతే ఆయుష్మాన్‌కు 14555, మన రాష్ట్ర పథకానికి 104 నంబర్లకు ఫోను చేసిపెడదాం. వాళ్ల మందుల పెట్టె తెరవమని అడుగుదాం. బిల్లు తేదీ చూద్దాం, మాత్రలు లెక్కపెడదాం. మాత్ర విరిచి వేసుకుంటున్నారేమో కనుక్కుందాం. కొన్ని షుగరు మాత్రలను నెమ్మదిగా కరిగేటట్టు తయారుచేస్తారు. అలాంటిదాన్ని విరిస్తే దాని ఏర్పాటే చెడిపోతుంది. ఈ ఒక్క మాట చెప్పటానికి సైన్సు విద్యార్థి చాలు, డాక్టరే కానక్కరలేదు. అయితే మందు మార్చటం, మోతాదు తగ్గించటం మాత్రం మన పని కాదు, దానికి డాక్టరునే అడగాలి.

అధ్యాపకులకూ ఒక మనవి. లేబరేటరీలో మాచేత ఆస్పిరిన్ తయారుచేయిస్తారు, మార్కులు వేస్తారు. ఆ ఆస్పిరిన్ బజారులో ఎంతకు అమ్ముతారో, ఎందుకంతకు అమ్ముతారో ఒక్క పీరియడు చెప్పండి. పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. మీలో మందుల కంపెనీల్లో ఉన్నవాళ్లు ఒకసారి కాలేజీకి వచ్చి, అట్ట మీది ధర ఎలా పుడుతుందో మాకు వివరించండి.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు తాతయ్య అడక్కుండానే రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "లెక్కపెట్టుకోరా" అన్నాడు. లెక్కపెట్టాను. సరిగ్గా ఉన్నాయి. మెస్సు బిల్లుకు ఇక డబ్బు పంపొద్దని, స్కాలర్‌షిప్పులో సర్దుకుంటానని చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడువేళ్ల కాలికి చెప్పు తొడుక్కుని చేలోకి వెళ్లాడు.

ఈసారి మీరు ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకాల సంచి దించగానే ఒకసారి మీ ఇంట్లో ఆ పెట్టె తెరిచి చూడండి. నేను మూడు నెలలు ఆలస్యంగా తెరిచాను.

– ఒక విద్యార్థి,
ఫైనల్ బి.యస్సీ. (రసాయన శాస్త్రం)